చెక్క సీజనింగ్, కిల్న్, తేమ సమానంగా రావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, మంగళగిరి, గుంటూరు వైపు నుంచి వడ్రంగి మేస్త్రీలు, ఇల్లు కట్టుకునేవాళ్ళు, చిన్న ఫర్నిచర్ షాపులవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే అండి. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు ఒకచోట రాసేస్తే పోద్దని రాస్తున్నా. సీజనింగ్ అంటే కోసిన చెక్కలో తేమని పద్ధతిగా తగ్గించడం, కిల్న్ అంటే దానికోసం వేడినీ గాలి తేమనీ అదుపులో పెట్టే గది. వరసేం లేదు, మీకు కావాల్సింది వెతుక్కోండి.

తేమ 12 శాతం అంటారు, దేంట్లో 12 శాతం?

పూర్తిగా ఎండిపోయిన చెక్క బరువులో. ఇది తెలియక చాలామంది లెక్క తప్పేస్తారు. చిన్న ముక్క కోసి తూకం వేశారు, 64 గ్రాములు వచ్చింది. దాన్ని 103 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు ఇంక తగ్గట్లేదు అనేదాకా ఉంచారు, 50 గ్రాములకి ఆగింది. పోయిన నీళ్ళు 14 గ్రాములు, దాన్ని 50తో భాగించాలి, 28 శాతం. 64తో భాగిస్తే 22 వస్తది, అది మన లెక్క కాదు. ఇలా ఎండు బరువు మీద లెక్కేస్తాం కాబట్టే కొన్ని పచ్చి చెక్కల్లో తేమ 100 శాతం దాటుద్ది, లెక్క తప్పిందని అనుకోవద్దు.

30 శాతం దాకా ఏం కాదు, ఆ తర్వాతే అసలు కథ అంటారు, నిజమేనా?

నిజమే. పచ్చి చెక్కలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి, కణాల లోపలి ఖాళీల్లో కొంత, కణాల గోడల్లో కొంత. ముందు ఖాళీల్లో నీళ్ళు పోతాయి, అప్పుడు బరువు తగ్గుద్ది గానీ సైజు తగ్గదు. దాదాపు 28, 30 శాతం దగ్గర ఖాళీలు అయిపోయి గోడల్లో నీళ్ళు పోవడం మొదలవుద్ది, చెక్క కుంచించుకుపోవడం అప్పటినుంచే. అదీ అన్నివైపులా ఒకేలా కాదు. టేకు పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా చెట్టు వయసు వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం తగ్గితే, నడిమి నుంచి బెరడు వైపు దాదాపు 2.5 శాతమే తగ్గుద్ది, పొడుగులో అయితే లెక్కలోకి రానంత. పలక కప్పులాగా వంగడానికి కారణం ఈ తేడానే.

మన లెక్కలో చెప్పాలంటే, మామూలు కోతలో వచ్చిన 10 అంగుళాల టేకు పలక 16 శాతం నుంచి 10కి వచ్చిందంటే వెడల్పులో దాదాపు 3 మిల్లీమీటర్లు పోద్ది. తలుపుకి 3 మిల్లీమీటర్లు అంటే ఏంటో గొళ్ళెం పడక తిప్పలు పడినవాళ్ళకి తెలుసు.

మన విజయవాడలో తలుపులకి, ఫర్నిచర్‌కి ఎంత ఉండాలి?

చెక్క చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ లావాదేవీ చేస్తానే ఉంటది. గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్క దాదాపు 12 దగ్గర నిలబడుద్ది, 80 ఉంటే 16 దగ్గరకి పోద్ది, 50 ఉంటే 9కి దిగుద్ది, 30 ఉంటే 6. మనకి వానాకాలం పొద్దున పూట గాలి 80 పైనే ఉంటది, మే నెలలో వడగాల్పు తోలే మధ్యాహ్నాలు 30కి కూడా పడిపోద్ది. అయితే చెక్క ఒక్కపూటలో మారదు, వారాల మీద సగటుని పట్టుకుంటది. అందుకని బయట గుమ్మాలు, వీధి తలుపులకి 12 నుంచి 14, లోపలి తలుపులకి 12 దగ్గర, ఏసీ గదుల్లో పెట్టే వార్డ్‌రోబ్‌లు మంచాలకి 9, 10 అయితే మంచిది. ఐఎస్ 287 అని భారతీయ ప్రమాణం ఉంది, అందులో దేశాన్ని గాలి తేమని బట్టి 4 జోన్లు చేసి, ఏ పనికి ఏ జోన్‌లో ఎంత దాటకూడదో ఇచ్చారు. పెద్ద కాంట్రాక్టులు చేసేవాళ్ళు అది దగ్గర పెట్టుకోండి, ఇంజనీరు గారితో వాదన వచ్చినప్పుడు పనికొస్తది.

రాజస్థాన్ వైపు పంపించే సరుకైతే ఇక్కడి 12 పనికిరాదు. ఎక్కడ వాడతారో ముందే అడగండి.

మా ఆర్డర్ యావరేజ్ 12 అని రాసిచ్చారు, అయినా రెండు తలుపులు వంకర తిరిగినయ్. ఎట్టా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. యావరేజ్ అనేది మోసం చేసే మాట అండి. వంద పలకల్లో సగం 8, సగం 16 ఉన్నా యావరేజ్ 12నే. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటది. మేస్త్రి గారు ఆ 8 పలకనీ ఆ 16 పలకనీ పక్కపక్కన పెట్టి గమ్ పెట్టి బిగించేస్తారు, తర్వాత మూడు నెలల్లో ఒకటి పీల్చుకుని ఉబ్బుద్ది, ఇంకోటి ఆరి తగ్గుద్ది, జాయింట్ విచ్చుకుంటది.

ఇది పలకకీ పలకకీ మధ్య తేడా. దీనికి తోడు ఒకే పలకలో పైకీ లోపలికీ తేడా ఉంటది. పైన 9, నడిమి 17 ఉన్న రెండంగుళాల చెక్కకి తేమ కొలిచే మీటర్ పైపైన గుచ్చితే చూడటానికి ఎండినట్టే ఉంటది. దాన్ని మధ్యకి చీల్చారనుకోండి, ఇప్పటిదాకా లోపలున్న పచ్చి ముఖం గాలికి తగిలి తగ్గడం మొదలెడుద్ది, రెండు ముక్కలూ విల్లులాగా వంగుతాయి.

కాబట్టి సీజనింగ్ ప్లాంట్ వాళ్ళని యావరేజ్ ఎంత అని అడగొద్దు. ఎక్కువ ఉన్న పలక ఎంత, తక్కువ ఉన్నది ఎంత, నడిమిలో ఎంత అని అడగండి. ఎక్కువకీ తక్కువకీ మధ్య 2, 3 శాతం ఉంటే మంచి పని. 5, 6 ఉంటే ఆ లోడుతో తలుపులు చేయొద్దు, ఇంకేదైనా చేసుకోండి.

ఒకే కిల్న్, ఒకే రోజు పెట్టాం, అయినా ఒక పలక ముందు ఇంకోటి వెనక ఎందుకు ఆరతయ్?

సగం కారణాలు చెట్టులో ఉంటాయి, సగం మన పేర్పులో.

చెట్టు సంగతి ముందు. తెల్లచెక్కలో (బెరడు పక్కనుండే భాగం) మొదట నీళ్ళు ఎక్కువున్నా తొందరగా వదిలేస్తది, చేవ (నడిమి గట్టి భాగం) మొండికేస్తది. వలయాలు నిలువుగా కనపడే కోత పలక, అడ్డంగా కనపడే కోత పలక కన్నా నిదానంగా ఆరుద్ది (అది తక్కువ వంకర పోద్ది, అది వేరే లాభం). టేకు మంచి చెక్కే, పెద్దగా పగలదు, సీజనింగ్‌కి గొడవ పెట్టదు, కానీ దాంట్లో ఒక గుణం ఉంది, ఒకే లాట్‌లో ఒక దుంగ పలకకీ ఇంకో దుంగ పలకకీ ఆరే వేగంలో చాలా తేడా ఉంటది, ఒక్కో పలకలో నడిమిన నీటి మడుగులాగా ఒకచోట తేమ ఆగిపోద్ది కూడా. దిగుమతి టేకులో అడితి వాళ్ళు రెండు మూడు దేశాల సరుకు కలిపేస్తే ఈ తేడా ఇంకా పెరుగుద్ది.

మన వైపు తప్పులు చూస్తే, అంగుళం పలకా రెండంగుళాల పలకా ఒకే ఛాంబర్‌లో పెడతారు, నిన్న కోసిన పచ్చి సరుకూ మూడు నెలలు షెడ్డులో ఆరిన సరుకూ కలిపేస్తారు, రంపం సరిగ్గా లేక పలక ఒక చివర 25 మిల్లీమీటర్లు ఇంకో చివర 30 ఉంటది. ఇవన్నీ ఉన్నాక కంప్యూటర్ కంట్రోలర్ ఎంత ఖరీదుదైనా ఏం చేస్తది?

పేర్చడంలో ఏం చూడాలి?

అడ్డ రీపర్లు. వీటినే కొందరు స్టిక్కర్లు అంటారు. పొరకీ పొరకీ మధ్య ఇవి పెడితేనే గాలి దూరుద్ది. ఎండిన చెక్కతో చేసి, చిత్రిక పట్టి, అన్నీ ఒకే మందం ఉండాలి, అంగుళం మందం మామూలుగా సరిపోద్ది. అడుగున్నర నుంచి రెండడుగులకి ఒకటి, పలచని పలకైతే ఇంకా దగ్గరగా. ముఖ్యమైంది ఏంటంటే కింద నుంచి పైదాకా రీపర్లన్నీ నిలువుగా ఒకే లైన్‌లో ఉండాలి, కింద దిమ్మ కూడా అదే లైన్‌లో. ఒక పొరలో రీపరు నాలుగంగుళాలు పక్కకి జరిగిందంటే పై బరువంతా పలక నడిమి మీద పడి, ఆ వంపుతోనే ఎండి అట్టాగే బిగుసుకుపోద్ది. పై పొరల మీద సిమెంట్ దిమ్మలు పెట్టండి, లేకపోతే పై రెండు మూడు వరసలు మెలితిరగడం ఖాయం.

గాలికి అడ్డదారి దొరికితే చెక్కల మధ్యలోంచి పోదు. దొంతరకి పైనా పక్కలా కిందా సందులుంటే గాలి అందులోంచి హాయిగా తిరిగొస్తది, మధ్యలో చెక్క పచ్చిగానే ఉండిపోద్ది. టార్పాలిన్ పరదాలో ప్లైవుడ్ ముక్కలో కట్టి ఆ సందులు మూయాలి. దీనికి పెద్ద ఖర్చేం లేదు, అయినా సగం చోట్ల చేయరు.

ఫ్యాన్ గాలి రీపర్ల సందులో సెకనుకి ఒకటిన్నర, రెండు మీటర్లు ఉండాలి, 4 నుంచి 6 గంటలకోసారి దిశ మార్చాలి. మార్చకపోతే గాలి ముందు తగిలే వైపు పలకలు ఆరిపోయి, అటువైపువి తడిసిన గాలే పీల్చుకుంటా కూర్చుంటాయి.

రోహిణి కార్తె ఎండ ఉండగా కిల్న్ ఎందుకండి, ఎండలో పెడితే సరిపోద్దిగా?

నీడలో పెడితే ఎంతోకొంత సరిపోద్ది, ఎండలో పెడితే మాత్రం పాడైపోద్ది. రోహిణి ఎండకి పైపొర గంటల్లో ఎండి తగ్గాలని చూస్తది, లోపల పచ్చిగా ఉంది కాబట్టి తగ్గనియ్యదు, దాంతో పైన నెర్రెలిస్తది. చివర్లు ఇంకా ఘోరం, ఎందుకంటే పొడుగు దిశలో నీళ్ళు పక్కల నుంచి కన్నా చాలా వేగంగా పోతాయి. అందుకే కోసిన రోజే చివర్లకి మైనమో మందపాటి పెయింటో పూయమనేది.

షెడ్డులో గాలికి ఆరబెట్టడం మంచి పద్ధతే, నేనైతే పచ్చి సరుకుని నేరుగా కిల్న్‌లోకి పంపను, ముందు షెడ్డులో 25, 30కి తెచ్చి అప్పుడు కిల్న్‌లో పెడితే కట్టెల ఖర్చూ కరెంటు ఖర్చూ రెండూ తగ్గుతాయి. కానీ గాలికి ఎంతకాలం పెట్టినా మన దగ్గర వానల్లో 14, 16 కింద దిగదు, ఏసీ గదికి కావాల్సిన 9, 10 కిల్న్‌తోనే వస్తది.

లోపల ఏం జరుగుద్దో మాకు తెలియదు, డ్రై బల్బ్ వెట్ బల్బ్ అంటారు, కొంచెం చెప్పండి.

కిల్న్ అంటే పెద్ద పొయ్యి కాదు. వేడి చేస్తే సరిపోయేదైతే ఎవరైనా చేస్తారు. వేడినీ గాలి తేమనీ రెంటినీ చేతిలో పెట్టుకుని, చెక్క ఎంత వేగంగా నీళ్ళు వదలాలో మనం నిర్ణయించే గది అది. డ్రై బల్బ్ అంటే గది వేడి. వెట్ బల్బ్ అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్, గాలి ఎంత పొడిగా ఉంటే అది అంత చల్లగా చూపిస్తది. రెంటి మధ్య తేడా ఎంతుంటే ఆరే ఒత్తిడి అంత. ఉదాహరణకి మొదట్లో 45 డిగ్రీలు, వెట్ బల్బ్ 42 పెడితే గదిలో తేమ దాదాపు 83 శాతం, చెక్క మీద పెద్ద ఒత్తిడి లేదు. చివర్లో 60 డిగ్రీలు, వెట్ బల్బ్ 50 అంటే దాదాపు 58 శాతం, అక్కడ చెక్క 8, 9కి దిగాలని చూస్తది. పచ్చిగా ఉన్నప్పుడు చిన్న తేడా, ఆరే కొద్దీ పెద్ద తేడా, షెడ్యూల్ అంటే ఇంతే. మన దేశపు చెక్కలకి ఐఎస్ 1141లో షెడ్యూళ్ళు ఇచ్చారు, దాన్ని బట్టి మొదలుపెట్టి మీ చెక్కని చూసుకుంటా సర్దుకోవాలి.

ఆ తడిగుడ్డ గురించి ఒక్క మాట. రూపాయల ఖరీదు చేసే మస్లిన్ గుడ్డ అది, లక్షల సరుకు దాని మీద ఆధారపడి ఉంటది. మన బోరు నీళ్ళు పోస్తే కొన్నాళ్ళకి తెల్లగా ఉప్పు గట్టి గుడ్డ గట్టిపడిపోద్ది, నీళ్ళు పైకి ఎక్కవు, థర్మామీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ వేడి చూపిస్తది. కంట్రోలర్ ఏమనుకుంటది? గదిలో తేమ ఎక్కువైపోయింది అనుకుని వెంట్లు (గాలి బయటకి పోయే తూములు) తెరిచేస్తది. ఉన్న తేమ కాస్తా బయటకి పోయి తెల్లారేసరికి పలకలన్నీ బీటలు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి, ప్రతి లోడుకీ గుడ్డ మార్చండి. చేత్తో పట్టుకుంటే మెత్తగా తడిగా తగలాలి.

కిల్న్ మూసేశాక లోపల ఎంత ఆరిందో ఎలా తెలుస్తది?

శాంపిల్ పలకలతో. మంచి పలకలోంచి, చివర నుంచి అడుగున్నర వదిలేసి, రెండడుగుల ముక్క కోస్తారు. దానికి రెండు వైపులా అంగుళం మందం బిళ్ళలు తీసి వెంటనే తూచి ఓవెన్‌లో పెడతారు. బిళ్ళల్లో తేమ 60 శాతం వచ్చింది, శాంపిల్ ముక్క బరువు 4.80 కేజీలు అనుకోండి. 4.80ని 1.60తో భాగిస్తే 3.00 కేజీలు, అది దాని ఎండు బరువు. చివర్లకి పెయింట్ వేసి దొంతరలో తీయడానికి వీలుగా పెడతారు. ఇంక రోజూ తీసి తూయడమే, ఇవాళ 3.60 ఉందంటే 20 శాతం మీద ఉన్నట్టు.

ఏ పలక శాంపిల్ తీస్తారనేదే ముఖ్యం. తలుపు పక్కన చేతికందేవి తీస్తే లాభం లేదు. అన్నిటికన్నా మందంగా, చేవతో, బరువుగా ఉన్న మొండి పలకలు రెండు మూడు, తొందరగా ఆరే తెల్లచెక్క పలకలు ఒకటి రెండు ఉండాలి. మొండివి షెడ్యూల్‌ని నడిపిస్తాయి, తొందరవి ఎప్పుడు ఆపాలో చెప్తాయి.

ఈక్వలైజింగ్ అంటే? బిల్లులో ఒక రోజు ఎక్కువ వేశారు.

అది వేస్తే సంతోషించండి, ఆ రోజు డబ్బులు ఇచ్చేయండి. తేమ సమానం అయ్యేది అక్కడే.

12 కావాలనుకుందాం. అన్నిటికన్నా ముందు ఆరిన శాంపిల్ 10కి రాగానే ఆరబెట్టడం ఆపేసి, గదిని చెక్క 10 దగ్గర నిలబడేలా సెట్ చేస్తారు. ఇప్పుడు 10కి వచ్చిన పలక ఇంక ఆరదు, కావాలన్నా ఆరలేదు. 14, 15 మీద ఉన్నవి మాత్రం దిగుతానే ఉంటాయి. అన్నిటికన్నా వెనకబడినది 12కి వచ్చేదాకా అట్టాగే ఉంచాలి. దాంతో మొత్తం లోడు 10కీ 12కీ మధ్య సర్దుకుంటది. తొందర పడేవాళ్ళు ఈ దశని ఎగ్గొట్టి యావరేజ్ రాగానే తలుపులు తీసేస్తారు, పైన వంకర తలుపుల ప్రశ్న అడిగినాయన సరుకు బహుశా అట్టాంటిదే.

మరి కండిషనింగ్?

అది ఒత్తిడి తీసేయడానికి. వడియం పైన గట్టిపడి లోపల మెత్తగా ఉన్నట్టు, మొదట్లో పైపొర ఆరి సాగిన స్థితిలో బిగుసుకుంటది, తర్వాత లోపలిది ఆరి తగ్గుదామంటే పైది అడ్డం పడుద్ది. తేమ అంతా సమానమైనా ఈ బిగుసు అట్టాగే ఉండిపోద్ది. అందుకని చివర్లో కావాల్సిన తేమ కన్నా 3, 4 శాతం ఎక్కువకి గదిని సెట్ చేసి ఆవిరి వదుల్తారు, పైపొర కొంచెం తడి పీల్చుకుని సడలుద్ది. అంగుళం పలకకి ఒక రోజు లోపు అయిపోద్ది, రెండంగుళాలకి ఇంకా ఎక్కువ పట్టుద్ది. ఇదే ముందూ ఈక్వలైజింగ్ తర్వాతా చేయడం కాదు, ముందు ఈక్వలైజింగ్ పూర్తి కావాలి, ఆ తర్వాతే ఇది.

అయిందో లేదో మీరే చూసుకోవచ్చు. పలక చివర నుంచి దూరంగా, అడ్డంగా అంగుళం మందం ముక్క కోయండి, దాన్ని నిలబెట్టి మధ్య భాగం రంపంతో తీసేసి రెండు కాళ్ళు మాత్రం మిగిలేలా చేయండి. కాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి పట్టుకుంటే ఒత్తిడి ఉంది. నిటారుగా నిలబడితే బాగుంది. బయటకి విచ్చుకుంటే కండిషనింగ్ ఎక్కువైంది, దాన్ని సరిచేయడం చాలా కష్టం. కోసిన వెంటనే ఒకసారి, ఒక రాత్రి గదిలో ఉంచి పొద్దున ఒకసారి చూడండి. వెంటనే నిటారుగా ఉండి పొద్దునకి లోపలికి వంగితే ఒత్తిడి కన్నా నడిమి తేమ మిగిలి ఉందని అర్థం.

మీరు పలకని ఉన్నది ఉన్నట్టే వాడేస్తే, చీల్చడం గాడి తీయడం లేకపోతే, కండిషనింగ్ లేకపోయినా నడిచిపోద్ది.

ఆన్‌లైన్‌లో కొన్న మీటర్ నమ్మొచ్చా?

రెండు సూదులు ఉండే మీటర్ 6 నుంచి 28, 30 శాతం మధ్య పనికొస్తది, పైన చూపించే అంకెలు పట్టించుకోవద్దు. చెక్క రకాన్ని బట్టి, వేడిని బట్టి సర్దుబాటు చేయాలి, కిల్న్‌లోంచి అప్పుడే తీసిన వేడి పలక ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తది. పొట్టి సూదులతో పైపైన గుచ్చితే పైపొర తేమే తెలుస్తది. ఒంటికి కరెంటు పారని పూత వేసి కొన మాత్రం కరెంటు పారేలా ఉండే పొడుగు సూదులు దొరుకుతాయి, వాటిని మందంలో నాలుగో వంతు లోతుకి దించితే దాదాపు పలక సగటు, సగానికి దించితే నడిమి తేమ తెలుస్తాయి. ఆ రెంటి తేడానే మీకు కావాల్సింది. పురుగు మందు ఉప్పులు ఎక్కించిన చెక్క మీద ఈ మీటర్ లెక్క తప్పుద్ది.

ఒక పలకకి ఒకచోట గుచ్చి ఓకే అనుకోవద్దు. లోడులో ఓ ఇరవై పలకలకి, ఒక్కోదానికి రెండు మూడు చోట్ల.

ఎన్ని రోజులు పడుద్ది?

షెడ్డులో సగం ఆరిన అంగుళం టేకుకి వారం, పదిరోజులు అనుకోండి. రెండంగుళాలకి రెట్టింపు కాదు, మూడు రెట్ల దగ్గరికి పోద్ది. ద్వారబంధాలకి వాడే మూడంగుళాల చెక్క నాలుగు రోజుల్లో ఆరబెట్టి ఇస్తామంటే నమ్మొద్దు. వాటికి ముందే కోయించి నెలల తరబడి నీడన పెట్టుకోవడమే మార్గం, చెట్టు నడిమి భాగం లోపల ఉండిపోయిన దూలం అయితే ఎట్టా ఆరబెట్టినా పగులుద్ది.

టేకు కాకుండా మిగతా చెక్కలు?

మామిడి తొందరగా ఆరుద్ది గానీ కోసిన వెంటనే పేర్చకపోతే నీలం మచ్చలూ పురుగూ పట్టుకుంటాయి. రబ్బర్‌వుడ్ కూడా అంతే, కోసిన రోజుల్లోనే బోరాక్స్ బోరిక్ యాసిడ్ ట్రీట్‌మెంట్ పడాలి. నల్లమద్ది, సాలు మొండివి, వేడి తక్కువ, ఓపిక ఎక్కువ. జామాయిల్ అయితే మెలితిరగడం, లోపల కణాలు కూలిపోయి పలక గుంటలు పడటం రెండూ ఉంటాయి, పచ్చిగా ఉన్నప్పుడు వేడి పెంచారో లోపల తేనెపట్టులాగా పగిలిపోద్ది, పైకి కనపడదు, చీలిస్తేనే బయటపడుద్ది.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళు అడుగుతుంటారు, వాటికి 10, 12 అక్కర్లేదు. ఎండా వానా తినే చెక్క, 15, 16కి గాలికి ఆరితే చాలు.

కొండపల్లి బొమ్మలకి కిల్న్ వాడతారా?

తెల్ల పొణికి చాలా తేలిక చెక్క, వాళ్ళు ముక్కల్ని సన్నని సెగ మీద నిదానంగా వేడి చేసి తేమ లాగేస్తారు. బొమ్మ చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు కాబట్టి ఒక ముక్క పచ్చిగా ఉన్నా అతుకు దగ్గర విచ్చుకుంటది. సూత్రం మనదే, సైజు చిన్నది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మునిగిన తలుపులు ఇప్పటికీ బిగుసుగా ఉన్నాయి, కిల్న్‌లో పెట్టొచ్చా?

ఫ్లష్ డోర్లు, ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటే వాటికి ఏమీ చేయలేం. గట్టి టేకు తలుపైతే ఈపాటికి తేమ దిగిపోయి ఉంటది, బిగుసుకి కారణం వంపో, కీలు జారడమో, గుమ్మం కదలడమో. ముందు మీటర్‌తో చూడండి, 14 లోపు ఉంటే కిల్న్ అనవసరం, గమ్ జాయింట్లున్న తలుపుని కిల్న్ వేడిలో పెడితే ఉన్న జాయింట్లు ఊడతాయి. మళ్ళీ ఎప్పుడైనా తడిస్తే మాత్రం బురద కడిగి, తలుపు ఊడదీసి, నీడలో నిలబెట్టి రెండువైపులా గాలి తగలనియ్యండి. ఉబ్బిన తలుపుని అప్పుడే చిత్రిక పట్టించొద్దు, ఆరాక సందు వచ్చేస్తది.

పాత పెంకుటింటి దూలాలు వందేళ్ళవి, ఇంక ఎండటానికి ఏముంది?

ఇంటి పైకప్పు కింద ఉన్నంతకాలం 12, 14 మీద ఉంటాయి. విప్పి రెండు వానలు బయట పడేసి కోయిస్తే ఆ లెక్క పోయినట్టే. కోసిన పలకల్ని రెండు వారాలు పేర్చి మీటర్ చూసుకోండి. మేకులు ఏరకుండా సామిల్లుకి తీసుకెళ్తే బ్లేడు డబ్బులు మీవే.

కిల్న్ నుంచి తెచ్చిన చెక్క వానాకాలంలో ఎక్కడ పెట్టాలి?

మూసిన గదిలో, నేల మీద నుంచి ఎత్తులో, రీపర్లు తీసేసి ఒకదాని మీద ఒకటి అతుక్కునేలా, పైన ప్లాస్టిక్ కప్పి. తడి సిమెంటు గోడలున్న కొత్త ఇంట్లో మాత్రం పెట్టొద్దు, ప్లాస్టరింగ్ ఆరకముందే తలుపులు బిగించి తర్వాత చెక్క మంచిది కాదని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. పని మొదలెట్టే ముందు వారం పదిరోజులు ఆ ఇంటి గాలికి అలవాటు పడనియ్యండి.

కిల్న్‌లో పెడితే పురుగు పోద్దా?

ఉన్నది పోద్ది. నడిమి దాకా 56 డిగ్రీలు చేరి 30 నిమిషాలు ఉండాలనేది ఎగుమతి చెక్క ప్యాకింగ్‌కి అంతర్జాతీయంగా పెట్టిన నియమం, మన షెడ్యూల్ చివర్లో అంతకన్నా ఎక్కువే ఉంటది. రేపు కొత్త పురుగు, చెద రాకుండా మాత్రం కిల్న్ ఆపదు, దానికి మందు వేరే.

కిల్న్‌కి పంపినప్పుడు 100 ఘనపు అడుగులు, తిరిగి వచ్చాక కొలిస్తే తగ్గింది, దొంగతనమా?

కాకపోవచ్చు. పచ్చి టేకు 12కి వచ్చేసరికి ఘనపరిమాణం 4, 5 శాతం తగ్గుద్ది. ఒక్కో ఘనపు అడుగు నుంచి ఏడు లీటర్ల దాకా నీళ్ళు పోతాయి, పచ్చిది ఎంత తడి అనేదాన్ని బట్టి. పలకల సంఖ్య లెక్కపెట్టి పంపండి, చివర్లకి మీ రంగు పెయింట్ వేయండి, అప్పుడు అనుమానం ఉండదు. కోయించేటప్పుడే మందంలో రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టించండి.

సొంతంగా సోలార్ ఛాంబర్ కట్టుకోవచ్చా?

చిన్న షాపుకి మంచి ఆలోచన. ఏటవాలు గ్లాసు కప్పు, కింద నల్ల రంగు రేకు, ఫ్యాన్లు, మూసి తెరిచే వెంట్లు, ఇంతే. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సోలార్ కిల్న్ డిజైన్లు ఎప్పుడో చేశారు, బెంగళూరులో ఐడబ్ల్యూఎస్‌టీ కూడా చెక్క మీదే పనిచేసే సంస్థ. మన ఎండకి బాగానే పనిచేస్తది, వానాకాలంలో నత్తనడక.

రాత్రిళ్ళు ఫ్యాన్లు ఆపేస్తే కరెంటు కలిసొస్తది కదా?

సోలార్‌లో అయితే ఆపొచ్చు, ఆపడమే మేలు కూడా. రాత్రి గది చల్లబడి లోపల గాలి తేమ పెరుగుద్ది, పైపొర కొంచెం తడి తీసుకుని సడలుద్ది, అంటే కండిషనింగ్ కొంత రోజూ దానంతటదే జరిగిపోద్ది. ఆవిరి కిల్న్‌లో, అదీ చెక్క ఇంకా 30 పైన పచ్చిగా ఉన్నప్పుడు ఆపితే, తడి గాలి అక్కడే ఆగిపోయి బూజూ మచ్చలూ వస్తాయి, ఒక చివర ఒకలా ఇంకో చివర ఇంకోలా ఆరుద్ది. 20 కిందకి దిగాక చెక్క లోపల నుంచి నీళ్ళు పైకి రావడమే నిదానం, గాలి ఎంత కొట్టినా పెద్ద తేడా ఉండదు. అప్పటినుంచి ఫ్యాన్ స్పీడు తగ్గించుకోండి, వేరియబుల్ డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) ఉంటే సగానికి తెచ్చినా కరెంటు బిల్లులో బాగానే తెలుస్తది. మొత్తం ఆపొద్దు.